చైనాలో నరసింహస్వామి: చ్వాన్‌జౌలో ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయాలి

చైనా అంటే బీజింగ్, షాంఘై, గ్రేట్ వాల్ చూసి వచ్చేయడమే అనుకునేవాళ్లు ఈ ఊరి పేరు విని ఉండకపోవచ్చు. చ్వాన్‌జౌ, ఫూజియన్ రాష్ట్రం, తైవాన్‌కి ఎదురుగా ఉన్న తీరం. మన దగ్గర చోళులు, కాకతీయులు ఏలుతున్న రోజుల్లో ప్రపంచంలోని పెద్ద రేవుల్లో ఇదొకటి. అరబ్బులు జైతూన్ అనేవాళ్లు, మార్కో పోలో రాసిందీ ఆ పేరే. 2021లో యునెస్కో ఇక్కడి 22 చోట్లని కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ 22నీ పట్టుకుని తిరగక్కర్లేదు, కొన్ని చోట్ల తవ్విన పునాదులు, పక్కన ఓ బోర్డు, అంతే. 1087లో పెట్టిన ఓడ వ్యాపార సుంకాల కార్యాలయం ఉన్న చోటు కూడా అలాంటిదే, చరిత్రలో ఎంత ముఖ్యమైనదైనా చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

మనకి దారి సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా షియామెన్, అక్కడి నుంచి హైస్పీడ్ రైలు. రైలు హాయిగా ఉంటుంది, గంట కూడా పట్టదు, కానీ స్టేషన్ పాత ఊరికి దూరం. టాక్సీ యాప్, పేమెంట్ యాప్ ఇంట్లో ఉన్నప్పుడే ఫోన్‌లో పెట్టుకుని కార్డు లింక్ చేసుకోండి. గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుంటే అంతే సంగతులు.

బస విషయంలో మాత్రం కోపం వచ్చింది. యాప్‌లో బుకింగ్ కన్ఫర్మ్ అయిన హోటల్, తీరా వెళ్లాక విదేశీ పాస్‌పోర్టులు మాకు నమోదు చేయడం రాదు అని చేతులెత్తేసింది. డబ్బు వెనక్కి వచ్చిందిలెండి, కానీ రాత్రిపూట పెట్టెలు ఈడ్చుకుంటూ ఇంకో చోటు వెతుక్కోవడం టెన్షన్. ముందే మెసేజ్ పెట్టి, పాస్‌పోర్టుతో దిగనిస్తారా అని అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసుకోండి. చివరికి దొరికింది పశ్చిమ వీధి సందులో ఎర్ర ఇటుకల పాత ఇల్లు, లోపల వాకిలి, చుట్టూ గదులు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, లిఫ్ట్ లేదు, గోడలు పల్చన, పక్క గదివాళ్ల ఫోన్ మాటలన్నీ వినబడతాయి. పెద్దవాళ్లతో వెళ్తే మెయిన్ రోడ్డు మీది మామూలు హోటలే మేలు. పశ్చిమ వీధి మొత్తం సెల్ఫీలు, మిల్క్ టీ, జనం. నడిచి దాటేయడమే.

ఆ వీధిలోనే కైయువాన్ బౌద్ధాలయం ఉంది, 686లో మొదలైంది, ప్రవేశం ఉచితం. అందరూ 13వ శతాబ్దపు జంట రాతి గోపురాల దగ్గర ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. మీరు మాత్రం ప్రధాన మందిరం చుట్టూ తిరిగి వెనక వసారాకి వెళ్లండి. అక్కడ పలకలు తీర్చిన రెండు స్తంభాల మీద హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న నరసింహుడు, గజేంద్ర మోక్షం, కాళీయుడి పడగల మీద కృష్ణుడు! బోర్డు చదవక్కర్లేదు, మన పిల్లలు కూడా గుర్తుపడతారు. యువాన్ కాలంలో, అంటే మంగోలులు చైనాని ఏలిన 13, 14 శతాబ్దాల్లో, ఇక్కడున్న శైవ, వైష్ణవ కట్టడాలు పడిపోయాక ఆ రాళ్లని తెచ్చి ఆ తర్వాతి మింగ్ వంశం కాలంలో ఈ గుడి మరమ్మతుకి వాడుకున్నారు. ఇక్కడ స్థిరపడిన తమిళ వర్తకులు గుడి కట్టుకున్నారనడానికి 1281 నాటి తమిళ శాసనం కూడా దొరికింది.

అదే ఆవరణలో తూర్పు పక్కన 1974లో బురదలోంచి తీసిన, మంగోలులకి ముందు ఏలిన సోంగ్ వంశం కాలపు ఓడ ఉంది, దాన్ని వదలకండి. మిగిలిన భాగమే 24 మీటర్ల పొడవు, లోపల 13 గదులు, ఒకదాంట్లోకి నీళ్లొచ్చినా మిగతావి తేలేలా అడ్డగోడలు. సరుకులో ఎక్కువ భాగం సుగంధపు చెక్కలు, మిరియాలు కూడా ఉన్నాయి. నాకు మన కోస్తాలో కాకతీయుల రేవు మోటుపల్లి గుర్తొచ్చింది. గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల్లో చీనీ కర్పూరం ఉంది. తుపానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లు, మేం సుంకం మాత్రమే తీసుకుంటాం అని ఆయన మాటిచ్చాడు. మార్కో పోలో ఈ చ్వాన్‌జౌలోనే ఓడెక్కి వెనక్కి బయల్దేరాడు, మోటుపల్లి గురించీ అక్కడ ఏలే రాణి గురించీ రాశాడు. ఆ రాణి రుద్రమ అనే అందరూ అంటారు.

ఈ ఓడ ఉన్న శాల సముద్రయాన మ్యూజియందే, దాని అసలు భవనం వేరే చోట ఉంది, అదీ ఉచితమే, సోమవారం మూత. ఊళ్లో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. అరబ్బీ, పారశీకం, సిరియాక్ (తూర్పు క్రైస్తవుల పాత ప్రార్థనా భాష), తమిళం చెక్కిన రాళ్లు వరసగా పెట్టారు, తామరపువ్వు మీద నిలిచిన సిలువ, రెక్కలున్న దేవదూతలు, లింగాన్ని పూజిస్తున్న ఏనుగు. ఆ ఏనుగుని చూసి శ్రీకాళహస్తి అనుకోని తెలుగువాడు ఉండడు.

ఇక్కడ నాకు ఓ పేచీ ఉంది. అన్ని మతాలూ కలిసిమెలిసి బతికిన ఊరు అని గైడ్లు పదే పదే చెబుతారు. చింగ్‌జింగ్ మసీదు దగ్గరైతే నిజమే అనిపిస్తుంది. 1009లో కట్టారు, 1310లో షిరాజ్‌కి చెందిన ఒకాయన బాగుచేయించాడు అని దాని గోడ మీది అరబ్బీ శాసనమే చెబుతుంది, పక్కనే చైనావాళ్లు దేవుడిగా కొలిచే వీరుడు గ్వాన్ యూ గుడిలో ధూపం పొగ. కానీ ఓడల వ్యాపారాన్ని చేతిలో పెట్టుకున్న ముస్లిం అధికారి పూ షౌగెంగ్ 1276లో సోంగ్‌ని వదిలి మంగోలుల వైపు తిరిగి ఊళ్లోని రాజకుటుంబీకుల్ని చంపించాడు. 1357 నుంచి 1366 దాకా ఇక్కడి ముస్లిం సైనికుల తిరుగుబాటు, ఆ తర్వాత విదేశీయుల మీద ఊచకోత. మ్యూజియంలో మనం మెచ్చుకునే సమాధి రాళ్లలో చాలావాటిని తర్వాతివాళ్లు ఊరి ప్రాకారంలో పేర్చేశారు, 20వ శతాబ్దంలో గోడలు కూల్చినప్పుడు బయటపడ్డాయి. నేను చదివిన ఇంగ్లిష్ బోర్డుల్లో ఈ సంగతి దాటేశారు, ఆడియో గైడ్‌లోనూ లేదు. దానికి డబ్బు దండగ, ముందే కాస్త చదువుకుని వెళ్లండి.

తిండి: గుల్లల (ఆయిస్టర్) ఆమ్లెట్ అద్భుతం. సముద్రపు పురుగులతో చేసే జెల్లీ ఒకటి ఇక్కడి ప్రత్యేకం, ధైర్యం ఉన్నవాళ్లకి. శాకాహారులు బౌద్ధాలయం దగ్గరి వెజ్ హోటళ్లకే వెళ్లాలి, మామూలు చోట కూరగాయల నూడుల్స్ అన్నా పులుసు పంది ఎముకలదే అయ్యుండొచ్చు.

షున్‌పు పల్లెలో తలచుట్టూ పూలు పెట్టించుకుని ఫోటోలు దిగడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. గుల్లల పెంకులతో కట్టిన గోడలు బాగున్నాయి, మిగతాది గోల. లువోయాంగ్ వంతెనకి సాయంత్రం వెళ్లండి. 1053, 1059 మధ్య కట్టింది, స్తంభాల రాళ్లు కదలకుండా వాటి మీద గుల్లల్ని పెంచారు, ఈ ఉపాయం ఎవరికి తట్టిందో గానీ దండం పెట్టాలి.

ఊరికి దక్షిణంగా కొండ వాలున త్సావోఆన్ అనే చిన్న రాతి గుడి. లోపల 1339లో చెక్కిన మానీ ప్రవక్త. 3వ శతాబ్దపు పారశీక సామ్రాజ్యంలో ఆయన మొదలుపెట్టిన మతం ప్రపంచమంతా మాసిపోయింది, ఇక్కడ మాత్రం ఊరివాళ్లు బుద్ధుడనుకుని అగరొత్తులు వెలిగిస్తూ వచ్చారు. వెళ్లడానికి టాక్సీ సులభంగా దొరుకుతుంది, తిరిగి రావడానికే దొరకదు. వెయిటింగ్ ఛార్జీ ఎంతో ముందే మాట్లాడుకుని, ఆ బండినే ఆపుకోండి.