చెరువు గట్టుకీ లాడ్జికీ ఒకటే ప్యాంటు

రొయ్యల మేత అమ్మే ఉద్యోగం నాది. పొద్దున్నే అమలాపురంలో బస్సెక్కితే సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టు లాంటి పడవ) మీద గోదావరి దాటి నరసాపురం, అక్కణ్ణించి భీమవరం, రాత్రికి ఏదో ఒక లాడ్జి. అందుకే ప్యాంటు కొనేటప్పుడు రంగు కంటే ముందు లోపలి లేబుల్ చూస్తాను.

రాజమండ్రిలో 1,150 రూపాయలకి తీసుకున్న ఈ బూడిదరంగు ప్యాంటులో పాలిస్టర్ 65, విస్కోస్ 32, స్పాండెక్స్ 3 శాతం. పాలిస్టర్ నీళ్లు పెద్దగా పీల్చుకోదు కదా, రాత్రి జాడించి, తువ్వాల్లో చుట్టి గట్టిగా నొక్కి, ఫ్యాను కింద ఆరేస్తే తెల్లారేసరికి తొడుక్కోవచ్చు. నడుం పట్టీ, జేబు సంచులు మాత్రం కాస్త చెమ్మగానే ఉంటాయి, అవి నూలు గుడ్డ మరి. మోకాళ్ల వెనక ముడతలు తడిచేత్తో రాస్తే పోతాయి. గట్టు మీద గొంతుక్కూర్చుని, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగినా ఎక్కడా పట్టెయ్యదు, సాగే గుణమున్న ఆ మూడు శాతం స్పాండెక్స్ చలవే.

జేబులు మరీ లోతు తక్కువ. బస్సులో కూర్చుంటే ఫోను జారిపోతోంది. వెనక జిప్పు జేబు ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కొనొద్దని చెప్పేద్దును. రోహిణి కార్తెలో తొడలకి అతుక్కుంటుంది కూడా. ఆ ఎండలకి వదులు నూలు ప్యాంటే సుఖం, ఇస్త్రీ బాధ ఉన్నా సరే.

ఇందులోనే ముదురు నీలం కూడా ఉంది. ఉప్పునీటి చుక్క ఆరితే దానిమీద తెల్ల మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చెరువుల మీద తిరిగేవాళ్లు బూడిదరంగే తీసుకోండి.