జిప్‌లో సొంత వివరాలు: ఎక్స్‌ట్రా ఫీల్డా, మానిఫెస్ట్ ఫైలా?

జిప్‌లోని ఒక్కో ఫైలుకి లైసెన్స్, వెర్షన్ లాంటివి తగిలించాలంటే దారులు రెండు. ఎక్స్‌ట్రా ఫీల్డ్ అంటే జిప్‌లో ఒక్కో ఫైలు హెడర్ వెంట ఉండే, విప్పితే కనబడని చిన్న డేటా చోటు. మానిఫెస్ట్ అంటే మిగతా ఫైళ్ల వివరాలు రాసి జిప్‌లోనే పెట్టే మామూలు టెక్స్ట్ ఫైలు.

చోటు: ఎక్స్‌ట్రా ఫీల్డ్‌కి 65,535 బైట్లే హద్దు. మానిఫెస్ట్‌కి ఆ గొడవ లేదు.

శ్రమ: ఎక్స్‌ట్రా ఫీల్డ్‌లో ముందు 2 బైట్ల ఐడీ, తర్వాత 2 బైట్ల సైజు, ఆపైన డేటా. అన్నీ మనమే పేర్చాలి. పైథాన్‌లో జిప్‌లు చదివే zipfile మాడ్యూల్ కూడా ముడి బైట్లే చేతికిస్తుంది. మానిఫెస్ట్‌ని నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు.

రిస్క్: అసలు తంటా ఇక్కడే. ఎవరైనా విప్పి మళ్లీ జిప్ చేస్తే మీ ఎక్స్‌ట్రా ఫీల్డ్ గల్లంతు, ఎర్రర్ కూడా రాదు. మానిఫెస్ట్ మిగులుతుంది. కాకపోతే ఫైలు పేరు మార్చినా అందులో పాత పేరే ఉండిపోతుంది.

పది చేతులు మారే ప్యాకేజీకి మానిఫెస్టే. జావా ప్రోగ్రాములని ప్యాక్ చేసే జార్ ఫైళ్లదీ ఇదే పద్ధతి. రాసేదీ చదివేదీ మీ ప్రోగ్రామే అయ్యి, విప్పినవాళ్లకి అదనపు ఫైలు కనబడకూడదంటే ఎక్స్‌ట్రా ఫీల్డ్.