బ్యాంకులో ప్రివిలేజ్డ్ యాక్సెస్ వాల్ట్: ఏళ్ల తరబడి నడిపాక నా సమీక్ష

హైదరాబాద్‌లో డేటా సెంటర్ ఉన్న ఒక బ్యాంకులో నేను చాలా కాలంగా ప్రివిలేజ్డ్ యాక్సెస్ సెక్యూరిటీ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. లినక్స్‌లో రూట్, విండోస్‌లో డొమైన్ అడ్మిన్, ఒరాకిల్‌లో సిస్ వంటి సర్వాధికారాలున్న అకౌంట్ల పాస్‌వర్డ్‌లను వాల్ట్‌లో, అంటే వాటిని దాచి తానే మార్చే సాఫ్ట్‌వేర్ ఖజానాలో, భద్రపరచి, వాటిని ఎవరు, ఎప్పుడు, ఏ పనికి వాడారో నమోదయ్యేలా చూడడం నా బాధ్యత. సైబర్‌ఆర్క్, బియాండ్‌ట్రస్ట్, డెలీనియా, ముంబైకి చెందిన ఆర్కాన్ వంటివి ఈ రంగంలో పేరున్న ఉత్పత్తులు. ఈ సమీక్ష వాటిలో ఏ ఒక్కదాని గురించీ కాదు. ఈ తరహా వ్యవస్థను రోజూ వాడే బ్యాంకుకు ఏమి దక్కుతుంది, ఎక్కడ చిక్కు వస్తుంది అన్నదే ఇక్కడి విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మనుషులు వాడే అకౌంట్ల వరకు ఈ ఖర్చు పూర్తిగా సార్థకమైనది. ప్రోగ్రాములు వాడే సర్వీస్ అకౌంట్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం, వాల్ట్ కొన్నాకే అసలు పని మొదలవుతుంది.

మంచి నుంచి మొదలుపెడతాను. డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) తన పేరుతో లాగిన్ అయి, మొబైల్‌కు వచ్చిన ఓటీపీ ఇచ్చి, టికెట్ నంబరు (ఆ పని కోసం పెట్టిన అభ్యర్థన సంఖ్య) నమోదు చేస్తే సర్వర్ సెషన్ నేరుగా తెరుచుకుంటుంది; పాస్‌వర్డ్ అతని కంట పడదు, సెషన్ ముగియగానే అది మారిపోతుంది. సర్వర్‌ను దూరం నుంచి కమాండ్లతో నడిపే ఎస్‌ఎస్‌హెచ్ సెషన్‌లో కొట్టిన ప్రతి కమాండూ అక్షరరూపంలో, రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ వీడియోగా నిల్వ ఉంటాయి. ఫలానా టేబుల్‌లో వడ్డీ రేటు ఎవరు మార్చారని ఆడిటర్ అడిగినప్పుడు, ఆ టేబుల్ పేరుతో వెతికితే సెషన్, మనిషి, టికెట్, ఆమోదించిన అధికారి పేరు ఒకే చోట కనిపిస్తాయి. పదిమంది ఒకే రూట్ పాస్‌వర్డ్‌ను పంచుకున్న రోజుల్లో ఇదే ప్రశ్న వస్తే గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. అనుమానం నుంచి నిజాయితీపరుడైన ఉద్యోగిని కాపాడడం ఈ వ్యవస్థ చేసే అతి పెద్ద మేలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఈ జాగ్రత్త అతి అనిపించేవారు రెండు ఘటనలను గుర్తు చేసుకోవాలి. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకు స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య అంతర్జాతీయ చెల్లింపుల సందేశాలు పంపే) వ్యవస్థలోకి చొరబడినవారు దాదాపు 95 కోట్ల డాలర్ల బదిలీకి ఆదేశాలు పంపగా, అందులో 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరాయి. 2022 జనవరిలో మన హైదరాబాద్‌లోనే మహేష్ సహకార బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా తరలిపోయాయి. దానికి దారి ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ మెయిళ్లు. రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో జారీ చేసి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ఐటీ గవర్నెన్స్ మాస్టర్ డైరెక్షన్, కీలక వ్యవస్థలలో ప్రివిలేజ్డ్ యూజర్లకు బహుళ అంచెల ధ్రువీకరణను కోరుతోంది.

ఇబ్బందుల్లో మొదటిది రాత్రి వేళ ఆమోదం. ఈఓడీ బ్యాచ్ (రోజు ముగింపు లెక్కలు పూర్తిచేసే పని) అర్ధరాత్రి ఆగిపోతే, తెల్లవారి శాఖలు తెరిచేలోగా అది పూర్తి కావాలి. సెషన్‌కు అనుమతి ఇవ్వాల్సిన అప్రూవర్ మాత్రం నిద్రలో ఉంటాడు. చాలాచోట్ల దీనికి విసిగి ఆమోదం నిబంధననే తీసేస్తారు. అది తప్పు. శాఖల్లో స్ట్రాంగ్‌రూము తాళాలు ఇద్దరు అధికారుల జాయింట్ కస్టడీలో ఉండడం బ్యాంకులకు తరతరాల అలవాటే కనుక, అదే పద్ధతిలో షిఫ్టు వారీగా అప్రూవర్ల జాబితా వేయమని కోరితే ఆపరేషన్స్ విభాగం అభ్యంతరం లేకుండా ఒప్పుకుంది.

అసలైన కష్టం సర్వీస్ అకౌంట్లది. మా దగ్గర రిపోర్టులు తయారుచేసే ఒక అకౌంట్ పాస్‌వర్డ్‌ను వాల్ట్ షెడ్యూలు ప్రకారం రాత్రి మార్చింది. ఆ అకౌంట్‌ను వాడే చోట్లని అప్లికేషన్ బృందం ఇచ్చిన జాబితాలోని సర్వర్లన్నింటిలోనూ కొత్త పాస్‌వర్డ్ చేరింది. జాబితాలో లేని ఒక పాత సర్వర్‌లోని షెడ్యూల్డ్ టాస్క్ మాత్రం పాత పాస్‌వర్డ్‌తోనే మళ్లీ మళ్లీ ప్రయత్నించి అకౌంట్‌ను లాక్ చేసింది. ఉదయానికి శాఖలకు రిపోర్టులు అందలేదు. విండోస్ లాగిన్లను ధ్రువీకరించే డొమైన్ కంట్రోలర్‌లో, అకౌంట్ లాక్ అయినట్టు నమోదుచేసే 4740 నంబరు ఈవెంట్ తెరిచాక, కాలర్ కంప్యూటర్ పేరు దగ్గర అందరూ మరచిపోయిన ఆ సర్వర్ పేరు కనిపించింది.

అప్పటి నుంచి జాబితాను నోటిమాట మీద నమ్మడం మానేశాం. ఏ సర్వీస్ అకౌంట్‌నైనా వాల్ట్‌లోకి తెచ్చే ముందు, సర్వర్లలోని 4624 లాగిన్ ఈవెంట్లలో షెడ్యూల్డ్ టాస్కులను సూచించే టైప్ 4, సర్వీసులను సూచించే టైప్ 5 లాగిన్లను సేకరించి, ఆ అకౌంట్ ఏ ఏ యంత్రాలపై నడుస్తోందో చూస్తాం. కొన్ని జాబ్‌లు త్రైమాసికం చివర మాత్రమే నడుస్తాయి కనుక ఈ గమనింపు ఒక త్రైమాసికాంతాన్నైనా దాటాలి. మార్చి 31 కూడా దాటితే ఇంకా నిశ్చింత. వీలున్నచోట విండోస్‌లోని గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లకు మారడం మేలు, ఎందుకంటే వాటి పాస్‌వర్డ్‌ను డొమైనే డీఫాల్టుగా 30 రోజులకోసారి మార్చుకుంటుంది. ఇదంతా ఓపికతో చేసే పని. ఉత్పత్తి అమ్మేవారి ప్రదర్శనలో దీని ప్రస్తావన రాదు, ప్రాజెక్టు గడువులో దీనికి చోటుండదు. అందుకే చాలా సంస్థలు సర్వీస్ అకౌంట్లను వాల్ట్‌లో నిల్వ మాత్రమే చేసి, రొటేషన్ (పాస్‌వర్డ్ మార్పిడి) ఆపేసి, నివేదికలో పూర్తయినట్టు చూపిస్తాయి. నా దృష్టిలో అది రక్షణ కాదు.

కొనబోయేవారు తప్పక అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: వాల్టే పడిపోతే ఏమిటి? పాస్‌వర్డ్‌లన్నీ అందులోనే ఉన్నందున, అది లేని రోజున ఏ సర్వర్‌లోకీ అడ్మిన్‌గా వెళ్లలేము. డీఆర్ సైటులో (ప్రధాన కేంద్రం పనిచేయనప్పుడు వాడే ప్రత్యామ్నాయ కేంద్రంలో) వాల్ట్ ప్రతి ఉండాలి; అదీ అందకపోతే వాడేందుకు అత్యవసర అకౌంట్ పాస్‌వర్డ్‌ను రెండు ముక్కలుగా సీలు కవర్లలో ఇద్దరు అధికారుల దగ్గర ఉంచాలి. డీఆర్ డ్రిల్ జరిగిన ప్రతిసారీ ఆ కవర్లను నిజంగా తెరిచి, లాగిన్ అయి, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ సీలు వేయాలి. వీడియోల నిల్వ కూడా అంచనాను మించి పెరుగుతుంది, దానికి బడ్జెట్‌లో ముందే చోటు చూపాలి.

సిబ్బంది తక్కువగా ఉన్న సహకార బ్యాంకులకు నా సూచన ఇది: వందల సర్వర్లను ఒకేసారి చేర్చే ప్రయత్నం వద్దు. డొమైన్ అడ్మిన్, కోర్ బ్యాంకింగ్ డేటాబేస్, స్విఫ్ట్, ఏటీఎం స్విచ్, ఫైర్‌వాల్, ఈ ఐదింటి అడ్మిన్ అకౌంట్లను ముందు తెచ్చి, బయటి వెండర్లకు వాల్ట్ ద్వారా తప్ప మరో దారి లేకుండా నెట్‌వర్క్‌లో మూసివేయాలి. ప్రస్తుతం మా బృందం స్క్రిప్టుల్లో నేరుగా రాసి ఉన్న పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా తొలగిస్తోంది. కొత్త అప్లికేషన్ల టెండర్లలో, డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంచకుండా నడిచే సమయంలో వాల్ట్ ఏపీఐ నుంచి తీసుకోవాలన్న షరతును ఇప్పటికే చేర్చాం.