ఇంటి బొంతకు టాకాలా, పిన్నీసులా? అంచుకు ఏది మేలు?

పాత నూలు చీరలను నాలుగైదు పొరలుగా పేర్చి బొంత కుట్టుకునేవారు పైకి కనిపించే కుట్టుపై చూపే శ్రద్ధను, పొరలు కదలకుండా ముందు వేసుకుని తర్వాత తీసేసే పొడవు కుట్లయిన టాకాలపైన, చివర అంచు చుట్టూ వేసే పట్టీ అయిన గోటుపైన చూపరు. నిజానికి బొంత ముడతలు పడకుండా మన్నడం ఈ రెండింటిమీదే ఆధారపడి ఉంటుంది.

మిషను మీద కుట్టేటట్లయితే పిన్నీసులే మేలు. బెత్తెడు దూరానికొకటి చొప్పున పెట్టుకుని, సూది దగ్గరకు వచ్చేకొద్దీ ఒక్కొక్కటే తీసేయవచ్చు. అదే టాకాల మీద మిషను కుట్టు పడితే ఆ దారాన్ని తర్వాత లాగడం పెద్ద పని. చేతికుట్టు సంగతి వేరు. అది వారాల తరబడి సాగుతుంది కనుక కుట్టే దారం మాటిమాటికీ పిన్నీసులకు తగులుకుంటుంది, వానాకాలపు తేమకు అవి తుప్పుపడితే ఆ మరక ఉతికినా పోదు, అరిగిన నూలుబట్టలో పిన్నీసు చేసిన రంధ్రమే చిరుగుకు దారితీస్తుంది. అందుచేత చేతికుట్టు బొంతకు, ఆలస్యమైనా సరే, లేతరంగు దారంతో పొడవాటి టాకాలే వేయాలి. నడిమి నుంచి నాలుగు వైపులకూ వేస్తూ పోతే ముడత అంచుకు జరిగిపోతుంది. అంచు నుంచి మొదలుపెడితే నడుమ చిక్కుకుంటుంది.

ఇక అంచు. అడుగు చీరనే పైకి మడిచి హెమ్మింగ్ చేయడం సులువు, వేరే బట్ట అక్కరలేదు. రెండు మూడేళ్లలో చిన్నదైపోయే పసిబిడ్డ బొంతకు అది చాలు. పెద్దవాళ్ల బొంతకు మాత్రం నేను విడిగోటునే ఎంచుకుంటాను. బొంతలో ముందుగా అరిగేది అంచే. విడిగోటు చిరిగితే విప్పి కొత్తది వేయవచ్చు, మడత అంచు చిరిగితే అడుగు చీరే పాడైనట్లు.

గోటుకు గట్టి నూలుబట్ట తీసుకుని, రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు కత్తిరించి, నిలువునా సగానికి మడిచి వేయాలి. పోగు వెంట కత్తిరించిన నిలువు పట్టీలో మడత పొడవునా ఒకే పోగు మీద ఒరిపిడి పడుతుంది; బట్టను ఏటవాలుగా కత్తిరించిన క్రాసు పట్టీలో అది అనేక పోగుల మీద పంచుకుంటుంది. కాబట్టి క్రాసు పట్టీయే ఎక్కువ కాలం నిలుస్తుంది, గుండ్రటి మూలలకైతే అది తప్పనిసరి. బట్ట తక్కువగా ఉండి మూలలు చదరంగా ఉంటే నిలువు పట్టీతో సరిపెట్టుకోవచ్చు. అలాంటి మూల దగ్గర పావు అంగుళం మిగిలి ఉండగానే కుట్టు ఆపి, పట్టీని ఏటవాలుగా పైకి మడిచి, తిరిగి రెండో అంచు వెంట కిందికి దించి కుడితే, వెనక్కి తిప్పినప్పుడు మూల ఉబ్బకుండా పదునుగా నిలబడుతుంది.