వెల్డింగ్ గ్లౌజులు: పావురం నుంచి పులి దాకా

షార్ట్ ఫిల్ములకు, వెబ్ సిరీస్‌లకు ఫోలీ చేస్తుంటాను. అంటే తెర మీద బొమ్మ చూస్తూ, అందులోని అడుగులు, కదలికల చప్పుళ్ళు చేత్తో చేసి రికార్డు చేసే పని. పశువులు, పక్షులు ఉన్న సీన్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సేఫ్టీ సామాను అమ్మే ఓ కొట్లో 220 రూపాయలకు కొన్న తోలు గ్లౌజుల జత. వెల్డింగ్ చేసేవాళ్ళు మోచేతి దగ్గర దాకా తొడుక్కుంటారే, 14 అంగుళాలవి, అవే. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు డబ్బు పెట్టి రెడీమేడ్ ఎఫెక్టులు కొనేముందు ఇవి కొనాలని నా గట్టి నమ్మకం.

ముందు రెక్కల సంగతి. రెండు గ్లౌజులనూ మణికట్టు వైపు కలిపి పట్టుకుని, వేళ్ళు ఒకదానికొకటి తగిలేలా విదిలించాలి. పావురం నేల మీంచి లేచేటప్పుడు మొదట నాలుగైదు దెబ్బలు టపటపా గట్టిగా, దగ్గర దగ్గరగా పడతాయి. గాల్లోకి వెళ్ళాక పలచబడతాయి. ఈ తేడా మణికట్టులో రాకపోతే ఎంత మంచి తోలైనా బట్టలు దులిపినట్టే వినిపిస్తుంది. మైకుకు ఎదురుగా మాత్రం విదిలించకండి, గాలి వెళ్ళి కొట్టి రికార్డింగంతా బుస్సుమంటుంది. అడుగున్నర దూరంలో, కాస్త పక్కకు పెట్టుకోండి. గద్దకైతే వేగం తగ్గించి, గ్లౌజులతో పాటు పాత దుప్పటి ముక్క కూడా కలిపి ఊపుతాను. గుడ్లగూబకు మాత్రం ఈ చప్పుడు వేయమంటే ఒప్పుకోను. దాని ఈకల అంచులు కుచ్చులా మెత్తగా ఉంటాయి, ఎగిరితే దాదాపు వినపడదు. అదే మాట డైరెక్టర్‌కి చెప్పి, ఆ నిశ్శబ్దం తెలిసేలా, అది ఎగిరినంతసేపూ వెనక వినిపించే కీచురాళ్ళ చప్పుడు ఆపేద్దామంటాను.

ఈ గ్లౌజుల తోలుకు నున్నటి పై పొర ఉండదు, రెండు వైపులా గరుకే. నాకు బాగా నచ్చిన ఎఫెక్టు ఈ గరుకు వల్లే దొరికింది. ఆవు తన దూడను నాకుతుండే సీను ఒకటి వచ్చింది. ఆవు నాలుక గరుగ్గా ఉంటుంది కదా, నీళ్ళల్లో గుడ్డ పిండితే వచ్చే చప్పుడు దానికి అస్సలు అతకదు. గ్లౌజు బాగా తడిపి, మడత పెట్టిన గోనెసంచి మీద ఒకే వైపుకు, కాస్త బరువు వేసి లాగాను. చివర్లో చెయ్యి పైకెత్తేటప్పుడు వచ్చే చిన్న ‘చప్’ కూడా ఉంచేశాం. మిక్సింగ్‌లో దానికి ఏమీ కలపాల్సిన అవసరం రాలేదు.

ఇక గర్జన. 1954లో జపాన్‌లో గాడ్జిల్లా అరుపు పుట్టింది కూడా తోలు గ్లౌజుతోనే. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే బృందం గ్లౌజుకు జిగురు పట్టించి, డబుల్ బాస్ (వయొలిన్ లాంటిదే, మనిషంత ఎత్తుండే వాయిద్యం) తీగ మీద రుద్ది, ఆ రికార్డింగ్ వేగం తగ్గించారు. మనకు డబుల్ బాస్ దొరక్కపోయినా పర్వాలేదు. ఖాళీ పెయింటు డబ్బా అడుగున కన్నం పెట్టి, లావుపాటి నూలు తాడు దూర్చి లోపల ముడి వేయండి. గ్లౌజుకు వయొలిన్ కమానుకు రాసే రోజిన్ పట్టించి, తాడును బిగించి పట్టుకుని మెల్లగా కిందికి జారనివ్వండి. డబ్బా గుర్రుమంటుంది. కంప్యూటర్‌లో వేగం సగానికి దించితే పులి అయిపోతుంది. సిటీలో చిన్న గదిలో కూర్చుని ఇంత పెద్ద జంతువును పుట్టించడం నాకు ఇప్పటికీ ఆనందమే.

అన్నిటికీ ఇవి పనికిరావు. గచ్చు మీద కుక్క గోళ్ళ టిక్‌టిక్‌కి తోలు మరీ మందం. దానికి తోటపని చేసే పల్చటి గ్లౌజుల వేళ్ళ చివర్లకు పేపర్ క్లిప్పులు అంటించుకోవాలి. గుర్రం డెక్కల చప్పుడుకు కొబ్బరి చిప్పలే, లోపల కాస్త గుడ్డ కుక్కి. ఎద్దుకు కూడా చిప్పలే వాడేస్తుంటారు, అది నాకు నచ్చదు, బండికి గుర్రం కట్టినట్టుంటుంది. చీలిన గిట్టకు అంత డొల్ల చప్పుడు రాదు. మట్టి బాటైతే గ్లౌజు తొడుక్కున్న పిడికిలిని తడి ఇసుక ట్రేలోకి దింపితే చాలు.

లోపాలూ ఉన్నాయి. కొత్త జత తోలు వాసన గుప్పుమంటుంది, వేళ్ళు బిర్రుగా ఉండి ప్రతి కదలికకీ కిర్రుమంటాయి. కొన్నాళ్ళు ఊరికే నలుపుతూ ఉండాలి. తడిపినవి ఎండలో ఆరేస్తే అట్టలా బిగుసుకుపోతాయి, నీడలోనే ఆరేయండి. రోజిన్ రాసిన జత ఇంక రెక్కలకు పనికిరాదు, అంటుకుంటుంది. అందుకే కనీసం రెండు జతలు తీసుకోండి. కొట్లో అడిగేటప్పుడు లోపల గుడ్డ లైనింగ్ లేనివి కావాలని చెప్పండి. లైనింగ్ ఉంటే రెక్క చప్పుడు మొద్దుబారిపోతుంది. షాపువాళ్ళు అవి చెయ్యి కాలకుండా కాపాడతాయని లైనింగ్ ఉన్నవే ముందు చూపిస్తారు, వెల్డింగ్‌కి కాదని చెబితే లోపల్నుంచి మామూలువి తెచ్చిస్తారు.