మెకార్తీ సరిహద్దు నవలలు: ముందు ఏది చదవాలి?

అమెరికన్ నవలాకారుడు కార్మాక్ మెకార్తీని కొత్తగా చదవాలనుకునేవాళ్ల ముందు సాధారణంగా రెండు పుస్తకాలుంటాయి: ‘బ్లడ్ మెరిడియన్’ (1985), ‘ఆల్ ది ప్రెటీ హార్సెస్’ (1992). రెండింట్లోనూ టీనేజ్ కుర్రాడు గుర్రమెక్కి అమెరికా సరిహద్దు దాటి మెక్సికోలోకి వెళ్తాడు. రెండింట్లోనూ చావులుంటాయి. ఆ చావుల బరువు ఎవరు మోస్తారన్న దగ్గరే తేడా.

‘బ్లడ్ మెరిడియన్’లో కథ ఎక్కువగా 1849-50 నాటిది. అందులోని గ్లాంటన్ ముఠా చరిత్రలో నిజంగా ఉంది. అపాచీ అనే ఆదివాసీ తెగవాళ్లను చంపి, జుట్టుతో సహా నెత్తి చర్మం ఒలిచి తెస్తే మెక్సికోలోని చివావా రాష్ట్రం డబ్బిచ్చేది. ఆ జుట్టు ఎవరిదో ఎవరు చెప్పగలరు? అందుకే ముఠా ఎవరి జోలికీ పోకుండా బతికే తెగలనూ, చివరికి మెక్సికన్లనూ చంపేస్తుంది. హత్య వ్యాపారంగా మారితే ఏమవుతుందో ఇంత సూటిగా చెప్పిన నవల నేను మరొకటి చదవలేదు. కానీ రచయిత మనల్ని ఎవరి మనసులోకీ రానివ్వడు. ఆ ముఠాలో చేరిన, పేరు కూడా లేని కుర్రాడు బాధపడుతున్నాడో లేదో మనమే పోల్చుకోవాలి. గొంతంతా ముఠాలో ఒకడైన జడ్జి హోల్డెన్‌దే. యుద్ధమే దేవుడంటాడు, నీతి అనేది బలహీనుల కోసం మనుషులు కల్పించుకున్నదంటాడు. వాదనలో అతనికి దీటుగా నిలబడేవాళ్లు లేరు.

రెండో నవలలోనూ ఒక జడ్జి ఉన్నాడు. కాలం 1949. పదహారేళ్ల జాన్ గ్రేడీ కోల్, మెక్సికో జైల్లో కత్తితో మీదికొచ్చిన కుర్రాణ్ణి ప్రాణం కాపాడుకోవడానికి చంపుతాడు. టెక్సాస్ తిరిగొచ్చాక, అతని దగ్గరున్న గుర్రం ఎవరిదన్న తగాదాలో కోర్టు అది అతనిదేనని తేల్చినా మనసు కుదుటపడదు. రాత్రి జడ్జి ఇంటికే వెళ్లి చెప్పుకుంటాడు. తాను కూడా ఒక కుర్రాడికి మరణశిక్ష వేశానని, అది ఇప్పటికీ గుర్తొస్తుందని, అయినా మళ్లీ అదే తీర్పిస్తానని ఆ పెద్దాయన అంటాడు. హోల్డెన్‌కు మెకార్తీ ఇచ్చిన జవాబు ఇదేనని నాకనిపిస్తుంది.

‘హార్సెస్’లో ప్రేమకథ భాగం కొంచెం సాగుతుంది, నిజమే. భాషలో, ఊహలో ‘బ్లడ్ మెరిడియన్’ గొప్పది. అయినా హింస మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ‘హార్సెస్’ మేలు, ముందు అదే చదవండి. తర్వాత ‘బ్లడ్ మెరిడియన్’ పట్టుకుంటే, నాలుగో అధ్యాయంలోనే కొమాంచీ అనే మరో ఆదివాసీ తెగ దాడి వస్తుంది. అక్కడ తట్టుకోలేకపోతే కొన్నాళ్లు పక్కన పెట్టినా ఫర్వాలేదు.