పికప్‌కి కొత్త స్టీరియో: మార్కులన్నీ వైర్లకే

మా పికప్‌లో కంపెనీ రేడియో చాలాకాలంగా కొన ఊపిరితో నడిచింది. వాల్యూమ్ తిప్పితే ఒక పక్క స్పీకర్ గరగరలాడేది, ఫోన్ కలిపే వీలే లేదు. దాన్ని తీసేసి ఏడంగుళాల టచ్ స్క్రీన్ సెట్ పెట్టాను. సెట్‌తో పాటు డాష్‌బోర్డు ఫ్రేమ్, బండి వైర్లని సెట్‌కి కలిపే కప్లర్, యాంటెన్నా అడాప్టర్, ప్యానెల్ ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు కలిపి వచ్చిన కిట్ ఇది.

ముందు కప్లర్ గురించి చెప్పాలి, డబ్బు గిట్టింది అక్కడే. ఒక చివర బండి సాకెట్‌లో, రెండో చివర సెట్ వెనక టక్కున కూర్చుంటాయి. ఒక్క వైరు కూడా కోయక్కర్లేదు, కావాలంటే పాత రేడియోని మళ్లీ పెట్టుకోవచ్చు. రంగులు కూడా మామూలుగా అందరూ వాడేవే: పసుపు నేరుగా బ్యాటరీది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. పసుపు, ఎరుపు తారుమారైతే బండి ఆపిన ప్రతిసారీ స్టేషన్లు, సెట్టింగులు చెరిగిపోతాయి. స్పీకర్ వైర్లలో నల్ల గీత ఉన్నది మైనస్. దాన్ని బాడీకి ఎర్త్ చేస్తే మాత్రం లోపలి ఆంప్లిఫయర్ పోయినట్టే. మీటర్ పెట్టి చూసుకున్నాను, కప్లర్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పాతది తీయడం పెద్ద పనేం కాదు. హ్యాండ్ బ్రేక్ వేసి, బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, గేర్ రాడ్‌ని ప్యానెల్‌కి అడ్డం రాకుండా వెనక్కి లాగాలి. కింది అంచు నుంచి పట్టీ దూర్చి మెల్లగా లేపితే క్లిప్పులు ఒక్కొక్కటే వదులుతాయి. ఇనప స్క్రూడ్రైవర్ పెట్టారో, ఆ గాటు బండి ఉన్నన్నాళ్లూ కనిపిస్తుంది. ప్యానెల్ చేతికొచ్చింది కదా అని లాగేయకండి, హజార్డ్ స్విచ్ వైరు వెనక వేలాడుతూ ఉంటుంది. దాని నాలుక నొక్కి విప్పాలి.

ఫ్రేమ్ అంత గొప్పగా లేదు. డబుల్ డిన్ (పెద్ద సైజు స్టీరియోలకి వాడే) కొలత 180 × 100 మిల్లీమీటర్లు, సెట్ అందులో బాగానే కూర్చుంది. కానీ ఎడమ అంచున సందు కనిపిస్తోంది, పైగా డాష్‌బోర్డు మసక నలుపైతే ఇది మెరుపు నలుపు. వెనక వైర్ల కట్ట ప్లాస్టిక్‌కి కొట్టుకుని గతుకుల్లో టకటకలాడింది. గుడ్డ టేపు చుట్టాక సద్దు పోయింది.

అట్ట పెట్టె మీద 'ఒక్కో స్పీకర్‌కి 50 వాట్లు' అని రాశారు. వెనక ఫ్యూజు చూస్తే 10 ఆంపియర్లు. ఇంజన్ నడుస్తుంటే 14 వోల్టులు అనుకున్నా లోపలికి వెళ్లేదే 140 వాట్లు, మరి నాలుగు స్పీకర్లకి 200 ఎక్కడి నుంచి తెస్తారు! అయినా పాటలు శుభ్రంగా వినిపిస్తున్నాయి, కాదనను.

ఎఫ్‌ఎం మొదట బుసబుసలాడింది. యాంటెన్నా అడాప్టర్ నుంచి వచ్చే సన్న నీలం వైరుని సెట్ నీలం వైరుకి కలపాలి, అప్పుడే యాంటెన్నాలోని బూస్టర్‌కి కరెంటు అందుతుంది. మాన్యువల్‌లో ఈ ముక్కే లేదు.

నాకు అసలు నచ్చనిది, నాబ్ లేకపోవడం. సౌండ్ పెంచాలన్నా తెర మీద గీతే నొక్కాలి. బండి ఎగిరినప్పుడు వేలు ఇంకెక్కడో పడుతుంది, కళ్లు రోడ్డు మీంచి తప్పుతాయి. దుమ్ము చేతులకి తెర పలకదు, మిట్టమధ్యాహ్నం సరిగ్గా కనిపించదు కూడా. లోడు బండి నడిపేవాళ్లు నాబ్ ఉన్న మోడలే చూసుకోండి.

మైక్ వైరు మాత్రం పొడవుగా ఇచ్చారు, అద్దం పక్క స్తంభం దాకా హాయిగా వచ్చింది. ఆ స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరుని దాని వెనక నుంచే తీసుకెళ్లాలి, మీదుగా వద్దు. ఇప్పుడు ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లు "బండి ఆపేశావా ఏంటి?" అంటున్నారు.